పాప్‌కార్న్, హాల్వర్సన్

మూడో పీరియడ్ ఇంగ్లిష్. బయట మంచు కురుస్తోంది. బూట్లకంటుకుని వచ్చిన మంచు కరిగి బల్లల మధ్య మడుగు కట్టింది.

లోర్నా వెనక వరసలో, గోడ పక్కన కూర్చుంది. బల్ల ఇరుకు. మోకాళ్లు తగులుతున్నాయి. అక్కణ్నుంచి హాల్వర్సన్ మెడ కనిపిస్తుంది. ఎర్ర జుట్టు, మెడ మీద సుడి. సెప్టెంబరు నుంచీ ఆ సుడిని చూస్తూనే ఉంది. హాల్వర్సన్ మొదటి పేరు ఆమె నోట ఒక్కసారీ రాలేదు. ఇంటిపేరు చాలు.

ఇవాళ వదలకూడదనుకుంది.

"అందరూ పుస్తకాలు తీయండి. పాప్‌కార్న్ చదువుదాం," అన్నాడు బెక్‌విత్. పాఠం చెప్పడం నేర్చుకోడానికి వచ్చినవాడు, అతనికి ఇదంతా కొత్త. ఒక మాట అనడం, వెనక వరస వైపు చూడడం, ఇంకో మాట అనడం.

"తినే పాప్‌కార్నయితే బాగుండును సార్," అన్నాడు కిటికీ దగ్గర ట్రిస్టన్.

"ముందు ఆ చిప్స్ సంచి లోపల పెట్టు."

"ఖాళీ సంచి సార్."

"ఖాళీదైతే చెత్తబుట్టలో పడెయ్."

"ఇంకా రెండున్నాయి సార్."

క్లాసు నవ్వింది. బెక్‌విత్ కూడా నవ్వబోయి మానేశాడు.

పాప్‌కార్న్ అంటే పెద్ద నియమాలేమీ లేవు. ఒకరు పైకి చదువుతారు. ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ ఆగి, "పాప్‌కార్న్" అని ఎవరో ఒకరి పేరు చెబుతారు. ఆ పేరుగలవాళ్లు లేచి అక్కణ్నుంచి అందుకోవాలి. పిల్లలకి అదో ఆట.

లోర్నాకి మాత్రం కాదు. ఈ గదిలోనే, ఈ ఆటలోనే హాల్వర్సన్ ఆమెని నిలబెట్టాడు. 'ప' అన్న అక్షరం దగ్గర ఆమె నాలుక మొరాయిస్తుందని అతనికి తెలుసు. పడవ, పొగమంచు, పాత రేవు అని ఉన్న పేరా వచ్చేదాకా చదివి, అక్కడ ఆగాడు.

"పాప్‌కార్న్, లోర్నా."

ఆమె లేచింది. "ప... ప... ప..."

"పేలుతోంది, పేలుతోంది. ఎవరైనా మూత పెట్టండి," అన్నాడు హాల్వర్సన్.

క్లాసంతా గొల్లుమంది. టీచరు చాక్‌పీసు వెతుక్కుంటున్నట్టు అటు తిరిగింది. ఆ రోజు నుంచి లోర్నా పేరు పాప్‌కార్న్ అయింది. బస్సులో అదే పేరు, భోజనాల గదిలో అదే పేరు. చర్చి మెట్ల మీద కూడా ఎవరో ఒకరు పెదాలతో "ప, ప, ప" అనేవారు. వాళ్లమ్మ మొక్కజొన్న గింజలు కొనడం మానేసింది.

ఇప్పుడు లోర్నాకి తడబాటు లేదు. మాటకి ముందు ఊపిరి ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో నేర్చుకుంది. అద్దం ముందు నిలబడి 'ప'ని లొంగదీసుకుంది. హాల్వర్సన్‌ని మాత్రం క్షమించలేదు.

ఆట మొదలైంది. పేరు తర్వాత పేరు. హాల్వర్సన్ పేరు ఎవరూ చెప్పడం లేదు. ఏ రోజూ చెప్పరు. ఎందుకో అందరికీ తెలుసు. అతను పుస్తకంలోకి చూస్తూ కూర్చుంటాడు, ఆట అతని పక్కనుంచి వెళ్లిపోతుంది.

బ్రియానా అనే అమ్మాయి సగం పేజీ చదివింది. ఆగి, వెనక్కి తిరిగి, నవ్వు బిగబట్టి లోర్నా వైపు వేలు చూపించింది.

"పాప్‌కార్న్."

కిసకిసలు. బెక్‌విత్ కంగారుగా చూశాడు. లోర్నా పుస్తకం అందుకుని లేచింది.

పడవ, పొగమంచు, పాత రేవు. అదే పాఠం. ఒక్క చోట కూడా ఆగకుండా చదివింది. కిసకిసలు సద్దుమణిగాయి. పేజీ చివర ఇంకో పేరా ఉంది. పగిలిన పలకలు, పైకి లేచిన పెనుగాలి, ప్రాణాల కోసం పెనుగులాడే పదిమంది. ముందే చూసి పెట్టుకుంది. ఆ పేరా అంచున ఆగింది.

"పాప్‌కార్న్, హాల్వర్సన్."

తలలన్నీ అతని వైపు తిరిగాయి. బెక్‌విత్ వెనక వరస వైపు చూశాడు.

హాల్వర్సన్ లేచాడు. పుస్తకం మొహం దాకా ఎత్తాడు. మెడ మీద సుడి చుట్టూ చర్మం ఎర్రబడింది.

"ప... ప... ప..."

లోర్నా కదల్లేదు. ఆగమనలేదు.

"ప... పగ... ప..."

"ఒరేయ్, పాప్‌కార్న్ పేలుతోందిరా," అన్నాడు ట్రిస్టన్. ఆ మాట లోర్నా అనాల్సిన పని లేకపోయింది.

క్లాసు గొల్లుమంది. ఆ నవ్వు ఆమె ఎరిగినదే. ముందు కిటికీ వైపు లేచి, గోడ దాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లే నవ్వు. ఈసారి ఆమె దాన్ని తీరిగ్గా వింది. కడుపు నిండినట్టయింది.

"చాలు, చాలు. మిగతాది నేను చదువుతాను," అన్నాడు బెక్‌విత్. ఇంతలో బెల్లు మోగింది.

పిల్లలు తోసుకుంటూ బయటికి పోయారు. ట్రిస్టన్‌ని ఆపి మందలించడానికి బెక్‌విత్ వరండాలోకి పరుగెత్తాడు. హాల్వర్సన్ వెళ్లలేదు. బ్యాగు భుజానికి తగిలించుకుని లోర్నా బల్ల దగ్గరికి వచ్చాడు.

తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది. జవాబు సిద్ధంగానే ఉంది.

అతను తలుపు వైపు చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు తగ్గించాడు.

"టీచర్, మీరూ మా న... నాన్నా చిన్నప్పుడు ఒకే క్లాసు కదా, ఆయనకి మాత్రం చెప్పకండి, ఇంట్లో ఆయన కూడా నన్ను చూసి ఇలాగే నవ్వుతాడు."