సగం స్పీడు

"ఏమంటున్నాడమ్మా ఆస్రా? ఏ మందన్నా పడదంటున్నాడా?" సిస్టర్ గాభరాగా అడిగింది.

స్ట్రెచర్ మీద చెన్ గారు నా చెయ్యి పట్టుకుని గబగబా మాట్లాడుతున్నారు. ఇబ్రహీంపట్నంలో మెషీన్లు బిగించడానికి వచ్చిన చైనా ఇంజనీరు ఆయన. పేగు పగిలింది, వెంటనే ఆపరేషన్ చేయాలి. ఆయన యాసకి ఫోన్లో అనువాదం చేసే యాప్ చేతులెత్తేసింది. కాలేజీలో చైనీస్ నేర్చుకుంటున్న పిల్ల ఉందని ఎవరో చెబితే నన్ను పిలిపించారు.

"మీకు ఏ మందులు పడవు?" అని చైనీస్‌లో చక్కగానే అడిగాను. జవాబే అందలేదు. మా ఆడియో పాఠాల్లో ఆడగొంతు తాపీగా, ఒక్కో మాటా విడదీసి పలుకుతుంది. ఈయన మాటలేమో బ్యారేజీ గేట్లెత్తినట్టు వచ్చి పడుతున్నాయి.

"మెల్లగా చెప్పండి" అని బతిమాలాను. ఆయన నవ్వి, అంతే వేగంగా ఇంకేదో అన్నారు.

"రికార్డు చేశాను సిస్టర్. ఇక్కడ గోలగా ఉంది, బయట విని చెప్తాను" అని చెయ్యి విడిపించుకున్నాను.

వరండాలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సగం స్పీడులో విన్నాను. మళ్లీ విన్నాను. మాటలు ఒక్కొక్కటే విడివడి, చివరికి మొత్తం అర్థమైంది.

"నాకు అన్ని మందులూ పడతాయి పాపా. నీకు అర్థం కావట్లేదులే, ఫర్వాలేదు. నాకు భయంగా ఉంది. లోపలికి తీసుకెళ్లేదాకా చెయ్యి వదలకు."

పరుగెత్తుకెళ్లాను. థియేటర్ తలుపులు మూసేశారు.

"డాక్టరు గారు ఇక ఆగలేమన్నారమ్మా" అంది సిస్టర్. "పాపం, నువ్వెళ్లిన వైపే చూస్తూ ఉన్నాడు. ఇంతకీ ఏమన్నాడు?"