టీవీకి మరణ పత్రం

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి, భార్య కూరగాయలకి వెళ్లిన సమయంలో, తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టర్ తన ఇంట్లో టీవీని చంపాడు.

వెనక మూతకి ఆరు మరలు. లోపల ఒక తీగ లాగితే సరిపోయింది. మూత మళ్లీ బిగించి, చేతులు కడుక్కుని, పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు పేపర్లో ఏముందో ఇప్పటికీ చెప్పలేడు.

హత్యకు కారణం ఇంటి బడ్జెట్. భార్య స్కూల్లో లెక్కల టీచరు. ఒకటో తారీఖున ఇద్దరి జీతాలూ ఆమె చేతిలో పద్దులుగా విడిపోతాయి. అద్దె, సరుకులు, కరెంటు, మందులు. ఆయన చేతి ఖర్చుకి వారానికి రెండు వందలు. చివరి పద్దు పేరు వస్తువుల నిధి. ఇంట్లో ఏదైనా పోతే కొత్తది కొనడానికి అది. దానికో షరతు ఉంది. బతికున్న వస్తువు స్థానంలో కొత్తది రాకూడదు. ఇక బాగుపడదని మెకానిక్ కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం పద్దు పుస్తకంలో అంటించాకే నిధి తెరుచుకుంటుంది.

రెండేళ్లలో అలాంటి కాగితాలు రెండు అంటించారు. ఒకటి ఫ్రిజ్‌ది, ఒకటి వాషింగ్ మెషీన్‌ది. ఫ్రిజ్‌ని మోసుకెళ్లిన రోజు ఆమె గుమ్మం దాకా వెంట నడిచింది. పదకొండేళ్లు మనకి చాకిరీ చేసిందని కళ్లు ఒత్తుకుంది.

టీవీకి మాత్రం పదమూడేళ్లొచ్చినా చావు రాలేదు. బొమ్మకి కుడివైపు పచ్చదనం వచ్చింది. కింద నడిచే వార్తల అక్షరాలు సగానికి తెగిపోయేవి. అయినా గుండ్రాయిలా ఉంది. పెద్దది కొందామని ఆయన మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆమెది ఒకటే జవాబు.

"బొమ్మ వస్తోంది, మాట వినపడుతోంది. ఇంకేం రోగమండీ దానికి?"

నిధిలో ముప్పై ఒక్క వేలు ఉన్నాయి. ఆయన చూసి పెట్టుకున్న టీవీ ధర ఇరవై తొమ్మిది. ఈ నెలాఖరు దాటితే నిధి మొత్తం ఐదేళ్ల డిపాజిట్‌లో వేసేస్తానని ఆమె చెప్పేసింది. నెలాఖరుకి పదకొండు రోజులుంది.

ఆ సాయంత్రం టీవీ వెలగకపోతే ఆమె స్విచ్చు రెండుసార్లు నొక్కి చూసింది. ఆయన వైపు ఒకసారి చూసింది. పొద్దున స్కూలుకి వెళ్తూ మెకానిక్‌కి చెబుతానంది. అన్నట్టే సోమవారం పొద్దున చెప్పింది. మంగళవారం ఇంటికొచ్చి చూస్తాడట.

అంటే ఇన్‌స్పెక్టర్‌కి మిగిలింది సోమవారం సాయంత్రం ఒక్కటే. ఊడిన తీగని ఏ మెకానిక్ అయినా రెండు నిమిషాల్లో పెట్టేస్తాడు. పెట్టకుండా కాగితం రాయాలంటే అతని చేయి తడపాలి.

చిక్కు అక్కడే వచ్చిపడింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన లంచం ముట్టలేదు. ఇవ్వడం అసలే తెలియదు. ఎలా ఇవ్వబోతారో మాత్రం బాగా చూశాడు. తూకంలో తేడా దొరికిన ప్రతి కొట్టు యజమానీ ఆయన ముందు తన విద్య ప్రదర్శించినవాడే. ఇనుప కొట్టాయన కవరుని ఫైలు కిందకి తోసేవాడు. బియ్యం కొట్టాయన ముందు ఆరోగ్యం సంగతి అడిగి, తర్వాత కవరు తీసేవాడు. బంగారం కొట్టాయన కవరుని బల్ల మీద మర్చిపోయి వెళ్లేవాడు. వెనక్కి పిలిస్తే అది తనది కాదనేవాడు. ఆలోచించి ఇన్‌స్పెక్టర్ బంగారం కొట్టాయన పద్ధతికే ఓటేశాడు.

కవర్లో ఐదు వందలు పెట్టాడు. మూడు వారాలు టీ మానేసి, బస్సెక్కకుండా ఆఫీసుకి నడిస్తే మిగిలిన డబ్బు అది.

రిపేరు షాపులో మెకానిక్ ఒక ఫ్యాన్ మోటారుని ఒళ్లో పెట్టుకుని తీగ చుడుతున్నాడు. ఇన్‌స్పెక్టర్ వాన గురించి మాట్లాడాడు. ఫ్యాన్ల గురించి మాట్లాడాడు. కవరు బల్ల మీద పెట్టి, వెళ్లొస్తానని లేచాడు.

"సార్, కవరు మర్చిపోయారు."

"నాది కాదే."

"మీ ఆఫీసు ముద్ర ఉంది సార్ దీని మీద."

ఇన్‌స్పెక్టర్ వెనక్కొచ్చి కూర్చున్నాడు. తీగ సంగతి చెప్పాడు. కాగితం సంగతి చెప్పాడు. ఒక్క వాక్యం రాసిస్తే చాలన్నాడు. ఇది ఇంట్లో తెలియకూడదని రెండుసార్లు అన్నాడు. ఆవిడ లెక్క అంటే లెక్కేనని, పైసా తేడా రానివ్వదని, ఇలాంటి పని చేశానని తెలిస్తే ఈ జన్మలో తన మొహం చూడదని కూడా చెప్పుకొచ్చాడు.

అంతా విన్నాక మెకానిక్ కవరు తెరిచి చూశాడు. మళ్లీ మూసి ఇన్‌స్పెక్టర్ జేబులో పెట్టాడు.

"రాయలేను సార్. టీవీ బాగుపడుతుందనే రాయమని పొద్దున్నే అమ్మగారు వెయ్యి ఇచ్చి వెళ్లారు."

ఆ డొక్కు టీవీ మీద ఆమెకి అంత ప్రేమ ఉందని తనకు తెలియదన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ప్రేమా పాడా సార్. బాగా ఉన్న ఫ్రిజ్ పోయిందని రాసినప్పుడూ, బాగా ఉన్న వాషింగ్ మెషీన్ పోయిందని రాసినప్పుడూ ఐదొందలే ఇచ్చారు గానీ, ఈసారి నిధిలో పైసా కదలకూడదట, శుక్రవారం మీ ఏసీ పోవాల్సి ఉంది."