వెయ్యిమందిలో ఉన్నా

"నటనా అది? చెక్కబీరువాకి చొక్కా తొడిగి నిలబెట్టారు!"

విమర్శకుడు కుర్చీలో వెనక్కి వాలాడు. ఎదురుగా సోఫా అంచున కూర్చున్న పెద్దమనిషి సన్నగా నవ్వాడు. కళాకారుల సంఘం తరఫున వానలో పడి వచ్చాడాయన. ఈ ఏడాది సినిమా అవార్డుల జ్యూరీకి అధ్యక్షుడు కావాలి. రెండు పేర్లు మిగిలాయి. ఒకటి విమర్శకుడిది. తేల్చాల్సింది ఈయనే.

"మాకు పెద్ద షరతులేం లేవండీ. ప్రతి సినిమా చివరిదాకా చూడాలి, అంతే. పోయినసారి అధ్యక్షుడు సగం సినిమాలు చూడకుండానే మార్కులేసేశాడు."

"ఛీఛీ! అదీ ఒక బతుకేనా?"

"మరి మొన్న మీరు పత్రికలో చీల్చి చెండాడిన ఈ సినిమా, ఆ నవల నుంచి తీసింది..."

"రెండుసార్లు చూశాను."

కాఫీ తెచ్చిన భార్య ఆగిపోయింది. "ఎప్పుడెళ్ళారండీ?"

"నువ్వు నిద్రపోతున్నప్పుడు. ఇందులో పంచదార తగ్గింది, చూడు."

ఆమె మూతి తిప్పుకుని లోపలికెళ్ళింది.

పెద్దమనిషి కాఫీ అందుకున్నాడు. "హీరో మరీ అంత ఘోరమా? నాటకాలాడుకునేవాడట. సినిమాకి కొత్త, పాపం."

"పాపమేంటండీ! నవల్లో ఆ మేష్టారు కూతురి ఉత్తరం చదివి కుప్పకూలిపోతాడు. వీడు కరెంటు బిల్లు చదివినట్టు చదివాడు. పోస్టరులో కూడా మొహం చూపించే ధైర్యం లేక వీపు చూపించారు. గొడుగు కింద, ఎడమ భుజం ఒకవైపు జారిపోయి! ఆ వీపుకైనా నటన వచ్చి చచ్చిందా?"

"మొహం మాత్రం గుర్తుండిపోయిందన్నమాట."

"మర్చిపోనిస్తే కదా! కళ్ళు మూసుకుంటే అదే. వెయ్యిమందిలో ఉన్నా ఇట్టే పట్టేస్తాను."

పెద్దమనిషి కప్పు కింద పెట్టాడు. కళ్ళజోడు తీసి, విమర్శకుడి కళ్ళలోకి సూటిగా చూశాడు. చాలాసేపు చూశాడు. విమర్శకుడూ తొణక్కుండా చూశాడు. ఇలాంటి పరీక్షలు ఎన్ని చూడలేదు!

"మంచిదండీ. నాకు తెలియాల్సింది తెలిసిపోయింది," అంటూ ఆయన లేచాడు.

పని అయిపోయినట్టే. విమర్శకుడు హుషారుగా గుమ్మం దాకా సాగనంపి, లోపలికి కేకేశాడు. "ఏమోయ్, నా కోటు ఇస్త్రీకి పంపించు!"

వీధిలోకి దిగిన పెద్దమనిషి గొడుగు విప్పి, ఎదుటి గోడ మీది ఆ సినిమా పోస్టరు పక్కనుంచి నడిచిపోతుంటే, ఎడమ భుజం ఒకవైపు జారిన ఆ వీపును విమర్శకుడు ఇట్టే పట్టేశాడు.