పావుగంట దూరం

“భయపడి వెనక్కొచ్చి, తప్పు బోటు మీదకి నెడుతున్నావా నాంచారయ్యా?”

గిలకలదిండి రేవులో అందరూ వింటుండగా మత్స్యకారుల సొసైటీ ప్రెసిడెంటు కోదండరామయ్య అడిగిన ఆ మాటకు బోటు డ్రైవరు నాంచారయ్య ముఖం మాడిపోయింది. ఇరవై ఏళ్ళుగా సముద్రం మీద బతుకుతున్న మనిషిని పట్టుకుని అనవలసిన మాటేనా అది!

“అమ్మతోడు బాబూ! దూరంగా ఏదో తేలతా కనపడింది. ఇంకో పావుగంట వెళ్తే అందేది. అప్పుడే కీచుమని అరిచి నీళ్ళలో బోటుని నెట్టే ఫ్యాను బిగుసుకుపోయింది. సాయంత్రం ఎవరిదో బోటొచ్చి తాడు కట్టి లాగేసరికి అది కంటికి ఆనలేదు.”

వాయుగుండానికి సముద్రం రేగి నాలుగు రోజులైంది. వేటకెళ్ళినవాళ్ళంతా తిరిగొచ్చారు, సత్యవతమ్మ కొడుకు మోహన్ తప్ప. నిన్నటికిగానీ అలలు తగ్గలేదు. అంత దూరం వేగంగా వెళ్ళి వెతకగల బోటు రేవులో ఈ సొసైటీ బోటొక్కటే. నిన్న పొద్దున వెతకడానికి వెళ్ళిన అదేమో ఇప్పుడు చచ్చుబడి ఒడ్డున ఉంది. ఆ తల్లి మెట్ల మీద కూర్చుని సముద్రం వైపే చూస్తోంది.

“దెబ్బలాట తర్వాత పెట్టుకోండి. ముందు నన్ను విప్పనీయండి,” అన్నాడు బందరు నుంచి వచ్చిన మెకానిక్ యలమంద.

బోటు వెనక నీళ్ళలో మునిగి ఉండి, ఫ్యానును తిప్పే గేరు పెట్టెను దించి దిమ్మల మీద పెట్టించాడు. రెండు చేతులా ఫ్యానును తిప్పబోయాడు. ఊహూఁ, ఇసుమంత కదల్లేదు. అడుగు బోల్టు వదులు చేయగానే ఆయిలు తెల్లగా, చిక్కగా, పచ్చటి నలకలతో కారింది.

“ఉప్పునీళ్ళు దిగాయి! నీళ్ళు ఆపే సీలు పోయిందో లేదో చూసుకోనక్కర్లేదా?” కోదండరామయ్య మళ్ళీ నాంచారయ్య మీద విరుచుకుపడ్డాడు.

“మొన్న పున్నానికే కొత్త సీలు వేయించామండీ.”

యలమంద వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. గేరు పెట్టెలో నీళ్ళు కనబడితే అతను మొదట చేసే పని అదే. తుపుక్కున ఉమ్మేశాడు. “ఆయిలు కంపేగానీ ఉప్పు లేదండీ.” సీలు ఊడదీసి ఎండకు పెట్టి చూశాడు. చిన్న గీత కూడా లేదు.

“ఉప్పునీళ్ళు కాకపోతే మరేంటయ్యా?”

“అదే అంతు చిక్కట్లేదు. ఈ పచ్చటిది మాత్రం బేరింగులో ఇత్తడి అరిగి రాలిన పొడి అయ్యుంటుంది.”

బేరింగు షాఫ్టుకు అతుక్కుపోయింది. మంటతో కాల్చి, పుల్లరు బిగించి, సుత్తితో మోది ఊడదీసేసరికి యలమంద చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. గుడివాడ నుంచి బస్సులో కొత్త బేరింగు వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఈలోగా సత్యవతమ్మ దగ్గరకొచ్చి నిలబడింది.

“బాగవుద్దా నాయనా?”

“అవుతుందమ్మా. సాయంత్రానికి నీ కొడుకుని తెచ్చి నీ ముందు నిలబెడతారు.”

నోరు జారాక నాలుక కరుచుకున్నాడు. గేరు బాగుచేస్తానని చెప్పగలడుగానీ, ఆ మాట ఇవ్వడానికి తనెవరు?

మూడు గంటలకల్లా పెట్టె బిగింపు అయిపోయింది. ఒంటి వేలితో నెడితే ఫ్యాను గిర్రున తిరిగింది. రేవులో అందరూ హమ్మయ్య అనుకున్నారు. కోదండరామయ్య నాంచారయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

“కోపంలో నోరు పారేసుకున్నాను, ఏమీ అనుకోకురా. బయలుదేరు.”

“నన్నెన్నన్నా పర్లేదు బాబూ. ఆ కుర్రాడు దొరికితే చాలు,” అంటూ నాంచారయ్య కళ్ళు తుడుచుకుని బోటెక్కాడు.

ఇంజను పక్కన బిగించిన డబ్బాలో పోసే ఆయిలు గొట్టం గుండా కింద గేరు పెట్టెలోకి దిగుతుంది. యలమంద అందులో కొత్త ఆయిలు నింపాడు. ఎందుకు బిగుసుకుందో తెలియకుండా బోటును సముద్రం మీదకు పంపడం అతనికి మనస్కరించడం లేదు. కానీ ఆగడానికి వ్యవధి ఎక్కడుంది? డబ్బా మూత తిప్పబోతుంటే సత్యవతమ్మ ఆయాసపడుతూ బోటులోకి దిగింది. రెండు చేతుల్లో రెండు చెంబులున్నాయి.

“ఆ మూత పెట్టెయ్యకు నాయనా, కాస్తాగు. నాటుపడవైతే గంగమ్మ తల్లికని ముక్కు మీద పోస్తాం. దీని ప్రాణం ఇక్కడే ఉందని, నిన్న తెల్లారగట్ల పసుపు కలిపిన పాలు ఇందులోనే పోశాను. ఒక్క చెంబే పోశాననేమో, తల్లి దార్లోనే ఆగిపోయింది. ఈసారి రెండు తెచ్చాను.”