జంట కుదరని పువ్వు

"మళ్లీ మొదలుపెట్టు," అంది బిస్త్ర.

రుమెన మూతి ముడుచుకుంది. వంటింటి బల్ల మీద డాలియా పువ్వులు చిందరవందరగా పడి ఉన్నాయి.

"మూడు, నాలుగు, ఐదు, ఏడు..."

"ఆరు ఎటు పోయింది?"

"నాకేం తెలుసు? ఇందాక ఇక్కడే ఉంది!"

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

రుమెన ఏడో నెలలోనే పుట్టింది. కథల పుస్తకం చేతికిస్తే గడగడా చదివేస్తుంది. అంకె కనబడితే మాత్రం ముచ్చెమటలే. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో కొందరికి ఇది మామూలేననీ, మొద్దుతనం కానే కాదనీ, ఓపిగ్గా చేతులతో నేర్పితే వస్తుందనీ పోయిన వసంతంలో డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆ మాట విని రుమెన అరగంట ఏడ్చింది. సంతోషంతోనే లెండి. బిస్త్ర కూడా నెల తక్కువ మనిషే. అంకెలతో తనూ నానా తిప్పలు పడింది కాబట్టి ఎన్నిసార్లు చెప్పినా విసుక్కోదు.

తెల్లారితే సెప్టెంబరు పదిహేను, బడి తెరిచే రోజు. టీచరుకు పూలగుత్తి ఇవ్వాలి. బతికున్నవాళ్లకు బేసి పూలు, పోయినవాళ్లకు సరి పూలు. మా బల్గేరియాలో ఇది తెలియని మనిషి లేడు. తెలిస్తే సరిపోయిందా, లెక్క కుదరొద్దూ! పోయినేడాది రుమెన కట్టిన గుత్తిలో పువ్వులు ఆరు. పర్వనోవా టీచరు లెక్కపెట్టి, శిలువ గుర్తు వేసుకుని, "ఏంటమ్మా, నన్నప్పుడే పూడ్చిపెట్టేస్తారా?" అంది. బడి ఆవరణంతా ఘొల్లుమంది. రుమెన సిగ్గుతో చచ్చిపోయింది.

అందుకే ఈసారి పంతం పట్టింది. ఎవరూ ముట్టుకోకూడదు, ఎవరూ లెక్క చెప్పకూడదు, తనే కట్టాలి. ఆ బడి ఆవరణలో ఇంకోసారి నవ్వులపాలైతే తట్టుకోవడం తనవల్ల కాదు.

"అంకెల్ని వదిలెయ్," అంది బిస్త్ర. "ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని నిలబడ్డట్టు జంటలు పెట్టు. చివరికి ఒకటి మిగలాలి."

రుమెన నాలుక బయటపెట్టి మరీ పేర్చింది. "మిగిలింది! పాపం, దానికి జంట లేదు."

"పాపం లేదు, గీపం లేదు. మనకి కావాల్సింది అదే. ఇంకో రెండుసార్లు కుదిరితే లోకుం మిఠాయి ముక్క ఇస్తా."

"రెండు ముక్కలు!"

"ముందు కుదరనీ."

"అబ్బో, పెద్ద టీచరమ్మ బయల్దేరింది!"

కుదిరింది. లోకుం కూడా దక్కింది.

పొద్దున్నే ఎర్ర రిబ్బను చుట్టి, గుత్తిని గుండెలకు హత్తుకుని బయల్దేరింది రుమెన. పక్కనే బిస్త్ర. అంతా బాగానే జరిగింది, బడి గేటు దాకా. అక్కడి తోపులాటలో ఎవరి మోచెయ్యో తగిలి ఒక పువ్వు తల పుటుక్కున తెగింది. కింద పడి కాళ్ల కింద నలిగిపోయింది.

రుమెన ముఖం పాలిపోయింది. బిస్త్ర ఏదో చెప్పబోయింది.

"చెప్పకు! నువ్వేం చెప్పకు!"

మెట్టు మీద కూలబడి రిబ్బను విప్పింది. ఒళ్లో ఒక జంట, ఇంకో జంట, ఇంకోటి, ఇంకోటి. ఏదీ మిగల్లేదు. మళ్లీ పేర్చింది. ఊహూఁ, మిగల్లేదు.

"సరి! సరి అయిపోయాయి!" అని ఎగిరి లేచింది. "అయితే ఒకటి తీసెయ్యాలి, అంతేగా?"

బిస్త్ర నవ్వు ఆపుకోలేక రెండు చేతులతో నోరు మూసుకుంది.

రుమెన ఒక పువ్వును బయటికి లాగి, మిగతావాటికి రిబ్బను బిగించి కట్టింది.

ఆ లాగిన పువ్వును బిస్త్ర జడలో గుచ్చి, గుత్తిని ఆ చిట్టి చేతుల్లో పెట్టి, "పరిగెత్తు తల్లీ, గంట కొట్టేస్తున్నారు, మీ రెండో తరగతి వాళ్లు లోపలికెళ్లిపోతున్నారు," అంటూ రుమెన తన కూతురు బిస్త్రని గేటు లోపలికి పంపింది.