గుడి ముందా, కోట ముందా

ఫ్లాస్కు మూత వంకరగా బిగించారని పొద్దున్నే గొడవ మొదలైంది. కాఫీ చల్లారిపోతుందని ఆవిడ. చల్లారితే చల్లగానే తాగుతానని ఆయన.

ఆవిడ ఆయన్ని ‘ఏమండీ’ అంటుంది. ఆయన ఆవిడని ఏమనీ పిలవడు. ఎదురుగా వచ్చి గొంతు సవరించుకుంటాడు, అంతే. పేపరు మడత దగ్గర్నుంచి ఫ్యాను స్పీడు దాకా ఇద్దరికీ ఒక్కటీ పడదు.

అబ్బాయి, అతని భార్య విని విని విసిగిపోయారు. ఇద్దర్నీ ఒకే ఇంట్లో ఉంచుకోవడం తమ వల్ల కాదని తేల్చుకున్నారు. పెద్దాయన్ని అబ్బాయి అక్క దగ్గరికి పంపేయాలి. నలుగురూ నవ్వుతారేమోనని అతని భార్య నసిగింది. నవ్వేవాళ్ళని వచ్చి ఒక్క పూట ఇక్కడ ఉండమన్నాడు అతను. ఆ మాట మెల్లగా చెవిన వేయడానికే సముద్రం ఒడ్డున ఉన్న కొండకి ఈ ప్రయాణం పెట్టారు. చెప్పడం భోజనాల దగ్గర.

కొండ మీద దారి రెండుగా చీలింది. ఎడమకి పాత కోట, కుడికి గుడి. కోట ముందని ఆయన. గుడి ముందని ఆవిడ. మీరే తేల్చుకోండని చెప్పి చిన్నవాళ్ళిద్దరూ లైటుహౌసు వైపు జారుకున్నారు.

చివరికి గుడే ముందయింది. ఆవిడ లోపలికి వెళితే, ఆయన బయట చెప్పులకి కాపలా కూర్చున్నాడు. తరవాత కోట. ఆయన ఫిరంగుల గురించి చెబుతుంటే ఆవిడ అడుగడుగునా తప్పులు పట్టింది.

బురుజు మీద గాలి విసురుకి ఆవిడ తూలింది. ఆయన చెయ్యి అందించాడు.

“మీవారి చెయ్యి వదలకండమ్మా. ఇక్కడ గాలి ఎక్కువ” అన్నాడు కోట గైడు.

ఇద్దరూ సముద్రం వైపు చూస్తూ నిలబడిపోయారు. కిందికి దిగేదాకా ఏ గొడవా లేదు.

కొండ కింద హోటల్లో నలుగురూ భోజనాలకి కూర్చున్నారు. అబ్బాయి ఒక గ్లాసు నీళ్ళు తాగాడు. బల్ల కింద అతని భార్య కాలు తొక్కింది.

“మేమొకటి అనుకున్నాం. నాన్నా, కొన్నాళ్ళు నువ్వు అక్క దగ్గర...”

పెద్దాయన ఆవిడ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. ఆవిడ తలెత్తింది.

“మేమూ ఒకటి అనుకున్నాం. మీ నాన్నగారూ నేనూ పెళ్ళి చేసుకుంటున్నాం, అల్లుడుగారూ.”