నాలుగో లాడం

చిట్టితల్లి నా మొదటి గుర్రం. బండి విప్పగానే నా భుజం మీద గడ్డం ఆనించి కునుకు తీసేది. ముసలిదయ్యాక కబేళాకు ఇచ్చేశాను. ఇంట్లో మాత్రం పచ్చిక ఉన్నచోట వదిలి వచ్చానని చెప్పాను. ఇనుము దండగెందుకని, తోలుకెళ్లే ముందు లాడాలు ఊడదీశాను. కొత్తవి కొడతాననుకుందేమో, అడక్కుండానే ఒక్కో కాలూ ఎత్తి ఇచ్చింది. మూడు ఊడాయి. నాలుగోది ఎంత లాగినా రాలేదు.

నిన్న రాత్రి వీధిలో అడుగుల చప్పుడు. మూడు మెత్తగా, నాలుగోది ఖంగుమంటూ.

"గుర్రంలా ఉందండీ!" మా ఆవిడ సంబరంగా లేచి కూర్చుంది. "మన చిట్టితల్లే అయ్యుంటుంది. వెతుక్కుంటూ వచ్చేసింది. తలుపు తియ్యండి!"

గడియ మీదికి నా చెయ్యి పోలేదు.

చప్పుడు గుమ్మం ముందు ఆగింది. తలుపు తియ్యకుండానే నాకు తెలుసు, ఆ నాలుగో కాలు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంటుంది.